ఎటు తిరుగుతుందో చూసి కొన్న డిస్ట్రిబ్యూటర్

చిట్టితల్లీ, షెడ్డు ఖాళీగా ఉందని హడలిపోకు. కారు నేనే తీసుకెళ్లాను. గేటు మాత్రం తీసి ఉంచు.

ప్లగ్గులకి కరెంటు పంచే ఆ డిస్ట్రిబ్యూటర్, నువ్వు తెచ్చింది బిగించగానే ఇంజన్ ఒక్క దెబ్బకి అందుకుంది! నేను తెచ్చిన రెండూ పైకి అచ్చం పాతదానిలాగే ఉన్నా, ఎదురువైపు తిరిగే ఇంజన్లవి. నువ్వేమో పాతదాని మూత తీసి, ఇంజన్ని చేత్తో తిప్పి, మనది ఎటు తిరుగుతుందో చూసుకున్నాకే షాపుకెళ్లావు. ఇన్నేళ్లు రెంచి పట్టినవాణ్ణి, నాకు తట్టలేదు. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా కొన్నావని కోపం మాత్రం ఇంకా ఉంది.

ఈ కారుని పాత ఇనుముకి అమ్మేయమన్న మీ బాబాయి ఇంటిముందు హారన్ కొట్టుకుంటూ తిరిగి, "మా అమ్మాయి బతికించింది" అని చెప్పొస్తా.

నాన్న

రెండో తాళంచెవి నీ బల్లమీద పెట్టా. ఇకనుంచి కారు కావాలంటే నేనే నిన్ను అడుగుతా.