సెంటుబాబు కొట్లో రెండు గిటార్లు

చిరంజీవి అమ్మడికి,

నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసాగా ఉన్నామని రాయమని మీ అమ్మ నా పక్కనే నిలబడి చెబుతోంది. తన మోకాలి నొప్పి పూర్తిగా తగ్గిందని కూడా రాయమంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం రెండుసార్లు నా కళ్లతో చూశాను కాబట్టి ఆ మాట నేను నమ్మలేదు, నువ్వూ నమ్మకు. నీ ఉత్తరంలో "నేను బాగానే ఉన్నాను" అని రాశావు. బాగుంటే బాగున్నానని రాయాలి గానీ మధ్యలో ఈ "బాగానే" ఏమిటి? తిండి సరిగ్గా తింటున్నావో లేదో నిజం రాయి.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే సగంలోనే "అబ్బ, మళ్లీ మొదలుపెట్టావా నాన్నా నీ అనుమానాలు" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదువుతావు. ఈసారి చివరిదాకా చదవాలి. నా ఎడంచెయ్యి రాసింది రాసినట్టే తుడుచుకుంటూ పోతుంది కదా, సిరా అలుక్కుపోయిన చోట నువ్వే ఊహించుకో.

సెంటుబాబు కొట్టుకు వెళ్లావా అని అడిగావు. ఒకసారి కాదు, మూడుసార్లు వెళ్లాను. పాత వాయిద్యాలు అమ్మే ఆ కొట్టు మన మోటార్ వైండింగ్ షాపుకు నాలుగు వీధుల అవతలే. మనిషి కంటే ముందు సెంటు వాసన వస్తుంది కాబట్టి ఆయనకు ఆ పేరు. నాకు తెలిసినవాడే, అప్పుడప్పుడు చిన్నాచితకా పని తెచ్చిస్తుంటాడు. అయినా నీ సంగతి ఎత్తలేదు. మా అమ్మాయి కోసం అంటే బేరంలో బిగుసుకుంటాడని, "తెలిసినవాళ్లెవరో చూసి రమ్మన్నారు" అన్నాను. ఫోన్లో తనతో మాట్లాడే సంగీతం టీచరమ్మ నా కూతురని ఆయనకు తెలియదు.

నువ్వు కొనడానికి చూడమన్న రెండు గిటార్లూ గోడకు పక్కపక్కనే వేలాడుతున్నాయి. రెండూ ఒకే ఆకారం, ఒకే పాలిపోయిన పసుపు రంగు. ఒకటి అరవయ్యేళ్ల నాటిది. రెండోది అదే కంపెనీ రెండేళ్ల కిందట ఆ పాత మోడల్‌నే అచ్చుగుద్దినట్టు మళ్లీ చేసింది, నువ్వు రీఇష్యూ అంటావే, అది. ముందు ఈ కొత్తదాని సంగతి చెబుతాను, నా ఒళ్లు మండిపోయింది. కొత్తదానికీ గీతలున్నాయి, పెచ్చులూడిన రంగుంది! ఇదేమిటయ్యా అంటే, "పాతదానిలా కనబడాలని ఫ్యాక్టరీలోనే అరగదీసి పంపుతారండీ, దానికి ఎక్కువ గిరాకీ" అన్నాడు. కొత్త చొక్కాకు చిరుగు పెట్టి అమ్మినట్టుంది. కాకపోతే వెనక తిప్పి చూస్తే చిన్న రేకు మీద తయారైన సంవత్సరం స్పష్టంగా కొట్టి ఉంది.

పాతదాన్ని గంటసేపు చూశాను. భూతద్దం పట్టుకెళ్లాను. మోచెయ్యి ఆనే చోట రంగు పోయి లోపలి చెక్క బయటపడింది. గరుకు కాగితంతో రుద్ది ఉంటే అంచు అంతా ఒకేలా అరిగేది. ఇక్కడ ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన అరిగింది, ఎవరో నిజంగానే ఏళ్లకేళ్లు వాయించారు. చెక్క వాసన చూశాను, గోటితో తట్టి విన్నాను. కొట్లో ఉన్నవాళ్లు మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. "ఎవరండీ ఈయన, పోలీసా?" అని ఒకాయన అడగనే అడిగాడు. "కాదండీ, టెస్టర్ గారు. అగ్గిపుల్ల కొన్నా గీసి చూసి పెట్టెలో పెట్టుకుంటారు" అన్నాడు సెంటుబాబు. నవ్వితే నవ్వారు, నాకు కావాల్సింది దొరికింది. తీగల కింద ఉండి శబ్దాన్ని పట్టే రెండు పికప్పుల్లో ఒకదాని స్క్రూలు చూడు: తలలు తుప్పు పట్టి ఉన్నాయి, గాడి లోపల మాత్రం తళతళా మెరుస్తోంది. ఎవరో ఈమధ్య విప్పారు.

"ఇది విప్పారా?" అన్నాను.

"అయ్యో, తయారైన రోజు నుంచి చెయ్యి పడలేదండీ. అంతా ఒరిజినల్."

"అయితే ఒకసారి విప్పి చూద్దాం."

"విప్పితే విలువ పోతుందండీ," అన్నాడు. అంటూనే గిటారు తీసి గోడకు తగిలించాడు.

ఆ రోజు ఇంటికొచ్చి మీ అమ్మతో చెబితే, "మీకు తెల్లారి సూర్యుడొచ్చినా అనుమానమే" అంది. కానీ నీ ఉత్తరం మళ్లీ తీసి చదివింది తనే. నాలుగేళ్లు అక్కడి పిల్లలందరికీ పాఠాలు చెప్పి కూడబెట్టావు. నీ సొంత పాటలు మొదటిసారి రికార్డు చేయబోతున్నావు. సోమవారంలోగా సెంటుబాబుకు ఏదో ఒకటి చెప్పాలి. అన్నిటికంటే నీ ఉత్తరంలో చివరి ముక్క నా బుర్రలోంచి పోలేదు. ఆయన పంపిన రికార్డింగు విని రాశావే: "రెండు పికప్పులూ కలిపి వాయిస్తే నూతి లోపలి నుంచి ఎవరో పిలుస్తున్నట్టుంది నాన్నా. కొత్తదానిలో ఆ గొంతు లేదు. అరవయ్యేళ్లు ఎండిన చెక్కకే అది వస్తుందంటున్నాడు. అది నిజంగా వయసుదేనా? నువ్వు చెబితేనే నమ్ముతాను."

నేను చెబితేనే నమ్ముతానన్నావు. అందుకే మూడోసారి మీటరు తీసుకుని వెళ్లాను, ముల్లు ఉండే పాత మీటరు.

నీకు గిటారు తెలుసు, నాకు కాయిల్ తెలుసు. పికప్పంటే అయస్కాంతం చుట్టూ తలవెంట్రుక కంటే సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టడమే. గిటారు వైరు మీటరుకు కలిపి, ఇనుప స్క్రూడ్రైవర్‌తో పికప్పును తాకి తీస్తే ముల్లు ఒక పక్కకు కొట్టుకుంటుంది. తీగ ఏ దిక్కుకు చుట్టారో విప్పకుండానే తెలిసిపోతుంది. కొత్త గిటారుకు రెండు పికప్పులూ చూశాను. రెండుసార్లూ ముల్లు కుడికే. పాతదానికి మొదటిది చూశాను, కుడికి. ఆ మెరిసే గాడి స్క్రూలున్న రెండోది చూశాను. ఎడమకు.

మళ్లీ చూశాను. ఎడమకే.

రెండూ ఎదురుబొదురుగా చుట్టి ఉంటే, కలిపి వాయించినప్పుడు ఒకదాని శబ్దాన్ని ఇంకొకటి మింగేస్తుంది. మిగిలేది పల్చని బోలు గొంతు. నువ్వు నూతిలో పిలుపు అన్నది అదే. చెక్కకూ దానికీ ఏ సంబంధమూ లేదమ్మా, చుట్టడంలో దిక్కు తప్పింది. కంపెనీ యంత్రం దిక్కు తప్పదు. కుడిచేతివాటం మనిషి చేత్తో చుట్టినా హ్యాండిల్ అటే తిరుగుతుంది. ఇటు తిప్పేది ఎడంచేతివాటం వాడే. ఆ చెయ్యి ఎవరిదో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, నాకు మాత్రం ఇంకా ఒప్పుకోబుద్ధి కాలేదు. "లోపల విప్పి చూపించండి" అని గట్టిగా అన్నాను.

సెంటుబాబు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మీకు తెలియనిదేముంది మేస్త్రీ లోపల? నీలం దారం కట్టింది మీరే కదా. మీ వాటా సంగతైతే తర్వాత మాట్లాడుకుందాం, కొట్లో జనం ఉన్నారు."

అమ్మడూ, ఇక దాచను. మూడేళ్ల కిందట, ఫ్యాన్లు కాలిపోతే చుట్టించుకోవడం మానేసి జనం కొత్తవి కొనుక్కోవడం మొదలుపెట్టినప్పుడు, షాపులో పగలంతా ఈగలు తోలుకుంటూ కూర్చునేవాణ్ణి. అప్పుడొచ్చాడు ఈయన, చేతిలో కాలిపోయిన పికప్పుతో. "ఇంత సన్నని తీగ తెగకుండా చుట్టే చెయ్యి ఈ ఊళ్లో మీదొక్కటే మేస్త్రీ" అన్నాడు. వంకాయ రంగు పూత ఉన్న పాతకాలపు తీగ కావాలన్నాడు, ఎక్కడో వెతికి తెచ్చాను. పైన చుట్టే కాగితం టేపును టీ నీళ్లలో నానబెట్టి ఆరబెట్టమన్నాడు, "పాతదానితో జత కుదరాలి కదా" అన్నాడు. అలాగే చేశాను. ఒక్కొక్కటిగా మూడేళ్లలో తొమ్మిది చుట్టాను. ఎప్పుడూ ఒక్కటే తెచ్చేవాడు కాబట్టి దిక్కు సంగతి తేలలేదు, ఒంటరి కాయిల్‌కు ఎటు చుట్టినా ఒకటే. ప్రతిదాని చివరా మీ అమ్మ కుట్టుడబ్బాలోంచి నీలం దారప్పోగు తీసి ముడేసేవాణ్ణి. మోటార్లకు వేసినట్టే, నా పని అని నాకు తెలియడానికి.

నాకు అనుమానమే రాలేదని రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను, పైన ఆ నల్లటి మరక అదే. అనుమానం వచ్చింది. మొదటి టేపును టీ నీళ్లలో ముంచినప్పుడే వచ్చింది. రిపేరు చేసినదాన్ని పాతదిగా కనబడేలా చేయడం ఎందుకని ఒక్క మాట అడగలేకపోయాను. పాలవాణ్ణి అడుగుతాను, కండక్టరును అడుగుతాను, డాక్టరు రాసిచ్చిన చీటీ ఇంకో డాక్టరుకు చూపిస్తాను. ఈయన దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. చాన్నాళ్ల తర్వాత ఒక మనిషి నా చేతిని మెచ్చుకున్నాడు. అది పోతుందని భయం.

"అది కొనేది మా అమ్మాయి," అన్నాను ఆయనతో.

ఏమన్నాడో తెలుసా? "ముందే చెప్పొద్దూ మేస్త్రీ! మీ అమ్మాయని తెలిస్తే వేరే గిటారు చూపించేవాణ్ణి కదా."

అంటే మిగతావాళ్లకు ఇదే చూపిస్తాడన్నమాట. ఆ మాట విన్నాక నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరి పిల్లలకో నేను తొమ్మిదిసార్లు ఈ పని చేశాను.

నిన్న పొద్దున షాపు తలుపు మీద కాగితం అంటించాను: "సెంటుబాబు కొట్లో కొన్న పాత గిటారు లోపల నీలం దారం ఉంటే ఆ కాయిల్ పాతది కాదు, నేను చుట్టినది. ఉచితంగా విప్పి చూపించి, రాసి ఇస్తాను." పదింటికి సెంటు వాసన వచ్చింది, తలుపు దగ్గర కాసేపు ఆగింది, వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఒక ఆర్కెస్ట్రా ఆయన తన గిటారు తెచ్చాడు. విప్పాను. దారం ఉంది. ఆయన స్టూలు మీద కూర్చుని ఆ దారం వైపే చూశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. కాగితం రాసిచ్చి పంపాను. ఇంకా ఏడుగురు ఉన్నారు.

ఇక ఏది కొనాలో నీ ఇష్టం, ఇది కొను, అది కొనకు అనే మొహం నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పాతదాని చెక్క నిజం, ఒక పికప్పు నిజం, రెండోది నేను. చెయ్యి పడలేదని చెప్పి అమ్మడం పచ్చి అబద్ధం. కొత్తదాని గీతలు దొంగవి, కానీ అది తన పుట్టిన సంవత్సరం దాచుకోలేదు. నూతి గొంతు కావాలంటే కొత్తదానిలో ఒక పికప్పు వైర్లు రెండూ అటుదిటు, ఇటుదటు మార్చి కలిపితే చాలు. అక్కడి రిపేరు మనిషెవరైనా పావుగంటలో చేస్తాడు, నా చెయ్యే అక్కర్లేదు. అదే కావాలంటే మాత్రం ఒకటి చుట్టి పెడతాను. ఈసారి టీ నీళ్లుండవు. తెల్లటి కొత్త టేపు, దాని మీద తేదీ, దారం బయటికి కనబడేట్టు.

ఇదంతా మీ అమ్మకు చదివి వినిపించాను. తను కుట్టుడబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "నీలం అయిపోవచ్చింది, అమ్మడికే రంగు కావాలో కనుక్కుని కొందాం" అని లోపలికి వెళ్లిపోయింది.

నువ్వు అడిగిన చివరి ప్రశ్నకు జవాబు రాయకుండా మూడు పేజీలు నింపాను. ఆ గొంతు వయసుది కాదమ్మా. మీ నాన్నది. ఇది తెలిశాక కూడా అది నీకు నచ్చుతుందా అని అడగాలని ఉంది, అడగడానికి భయంగానూ ఉంది. నచ్చకపోతే నచ్చలేదనే రాయి. బాగానే ఉందని మాత్రం రాయకు.

ఇట్లు,
తొమ్మిదిసార్లు అడగాల్సింది అడగని
మీ ఎడంచేతి నాన్న