గోడ పట్టిన గాలి

సెప్టెంబర్ 15, 2011
జనగామలో గైడ్ సారు ఇంటికి పోయి తిట్లు తిన్నాను. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుడేందమ్మా దీపా, పదివేల పాళ్లల్ల నాలుగు పాళ్లు గూడ లేదు, గంత ఖర్చు ఎవడు పెడ్తడు అన్నారు. దసరా తర్వాత రిజల్ట్ చూపిస్తేనే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఉంటుంది. లేకపోతే ఏడాది గోవిందా. సకల జనుల సమ్మెతో ల్యాబ్ కూడా బంద్.

సెప్టెంబర్ 19
నెల్లికుదురు దగ్గర మా తండా. తొట్టిలో తడి సున్నం పోశాను. అది గాలిలోని గ్యాస్‌ను పీల్చి మళ్లీ రాయిగా మారాలి. గాలి కొట్టడానికి టేబుల్ ఫ్యాన్ పెడితే కరెంటు లేదు. మా అన్న హరిలాల్ భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేస్తాడు, సమ్మెలో ఉన్నాడు. బొగ్గు రాక కరెంటు పోయింది. ఇంక ఎవరి మీద అరవాలి? తెలంగాణ రావాలి, నా ఫ్యాన్ కూడా తిరగాలి.

సెప్టెంబర్ 26
పైన మీగడంత పొర కట్టింది, అంతే. కింది సున్నానికి గాలే అందడం లేదు. ఏడుపొస్తోంది.

సెప్టెంబర్ 29, పొద్దున
యాడి నా సున్నమంతా గోడకు పూసేసింది!

అదే రోజు, సాయంత్రం
అమ్మ అని కూడా చూడకుండా యాడి మీద అరిచాను. పండుగొస్తుంటే ఉత్తగ మురగబెడ్తవా బిడ్డా, గోడకన్న అక్కరకొచ్చె అంది. అన్నం తినలేదు. యాడి కూడా తినలేదు.

అక్టోబర్ 4
గోడ నుంచి పొర గీకి నిమ్మరసం చుక్క వేశాను. బుస్సున పొంగింది, పట్టిన గ్యాస్ బయటికొస్తోంది! తొట్టి అడుగు సున్నం మీద వేస్తే ఏమీ లేదు. అంటే గోడ గ్యాస్‌ను పట్టింది. పలచగా, వెడల్పుగా ఉంటే చాలు, ఫ్యాన్ అక్కర్లేదు. ఎంత మొద్దుదాన్ని! యాడి కాళ్ల మీద పడ్డాను. గిదేం పిచ్చి, లే, బువ్వ తిను అంది.

అక్టోబర్ 8
పండుగ అయిపోయాక అన్న వచ్చాడు. నేను బొగ్గు తవ్వి పైకి తెస్తుంటె నువ్వు దాని పొగ పట్టి కింద వెడ్తున్నవా, మంచి జోడీనే మనది అని నవ్వాడు. నవ్వాను గానీ బొగ్గు అనగానే అసలు సంగతి తట్టింది. సున్నం చేసేది రాయిని బొగ్గుతో కాల్చి కదా. అప్పుడు రాయిలో గ్యాసూ బొగ్గు పొగా రెండూ గాలిలోకే. గోడ పట్టేది రాయి వదిలినదే, బొగ్గు పొగ గాలిలోనే మిగులుతుంది.

అక్టోబర్ 9
సున్నం కాల్చే బట్టీ నోటి దగ్గర గ్యాస్ చిక్కగా ఉంటుంది. అక్కడే పట్టి దాచాలి. గోడ పొరను గీకి, బొగ్గు బదులు ఎండతో కాల్చాలి. అదే సున్నాన్ని మళ్లీ గోడకు పూయాలి. ఖర్చంతా ఆ వేడిలోనే ఉంది.

అక్టోబర్ 19
సారుకు బొగ్గు సంగతి కూడా దాచకుండా చెప్పాను. మరి ఆ వేడి ఖర్చు తగ్గించుడే నీ టాపిక్, రాస్కో పో అన్నారు. జనగామ బస్టాండు దాకా నడవలేదు, ఉరికాను.

అక్టోబర్ 23
గోడలకు గాలి పీల్చుడు నేర్పిస్తున్నానని యాడి తండా అంతా చెప్పిందట. పొద్దున పక్కింటి కమలాబాయి వచ్చి అడిగింది, మా గోడకు ఎప్పుడు నేర్పుతవ్ అని.