బొట్టు కింద పగులు

ఆదివారం, రాత్రి

అవుకు రిజర్వాయరులో తిప్పుదామని బేరమాడిన పాత మోటారు బోటును పరీక్ష చేయించడానికి ఈరోజు నేనూ మా ఆయనా ఇంజనీరును తీసుకుపోయాం. బోటు ముందు భాగంలో అరచేయంత పసుపు, కుంకుమ. ఆయన చిన్న సుత్తితో తట్టుకుంటూ వచ్చాడు. అక్కడ చప్పుడు మారింది. గుడ్డతో కుంకుమ తుడిచేశాడు.

అంతే, అమ్మేవాడు మీదపడ్డాడు. "మహానంది కుంకుమరా అది! సామి బొట్టు తుడుస్తావా?" అంటూ తెడ్డెత్తి నెత్తిన కొట్టాడు. ఇంజనీరు చొక్కా అంతా రక్తం. మా ఆయన వాడి మెడ పట్టుకుని గట్టునుంచి నీళ్లలోకి ఈడ్చి, తల లేవనీకుండా అదిమిపెట్టాడు. "ఇడ్సప్పా, సస్తాడు!" అని ఆ దెబ్బ తిన్న మనిషే అరిచాక గాని వదల్లేదు. నేను అరవలేదు. తుడిచిన చోట గోరు దూరేంత పగులు, నీటి అంచు దాకా దిగి ఉంది. దాన్నే చూస్తున్నాను.

ఆసుపత్రిలో కుట్లు వేస్తుంటే ఇంజనీరు, "తుడిసేకి ముందర ఒక మాట అడిగింటే బాగుండునమ్మా" అన్నాడు.

పోయిన వారం బోటు చూడ్డానికి పోయినప్పుడు నేనూ అడగలేదు, తుడవనూ లేదు. పిల్లలిద్దర్నీ అదే బోటు ఎక్కించి, ఆ కుంకుమే వేలితో తీసి వాళ్ల నొసట పెట్టాను.