చాక్లెట్ కవరు మీద జీవమ్మ

ఆళ్లగడ్డ,
12 జనవరి 2025.

చాక్లెట్ కంపెనీ నంద్యాల ఆఫీసులో ఉండే ఫణీంద్ర సారుకు జీవమ్మ నమస్కారాలు.

ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది గానీ మనిషి పలకడం లేదు. అందుకే ఈ ఉత్తరం. పోయిన నెల మీరు తోటకొచ్చి ఈ కోకో ఎవరు పండిస్తున్నారని అడిగితే నేనేనన్నాను. ఫొటో తీసుకున్నారు, వేలిముద్ర వేయించుకున్నారు. నేను చెప్పింది అబద్ధం కాదు. ఎనిమిదేళ్ల కింద కొబ్బరి చెట్ల నీడలో ఒక్కో మొక్కా నా చేతులతోనే నాటాను.

కానీ భూమి నాది కాదు, ఆళ్లగడ్డ బజారులో ఎరువుల అంగడి నడిపే అనంతయ్య గారిది. మాది నోటిమాట కౌలు. కౌలుదారు పేరు కాగితం మీద పడితే రేపు భూమి నాదే అంటుందని ఆయన భయం. "ఏమన్నా పండించుకో జీవమ్మా, నీ పేరు మాత్రం యాడా పడకూడదు" అని మొదటిరోజే చెప్పారు. దయచేసి నా పేరు కొట్టేసి ఆయన పేరు రాయండి. లేకపోతే నా తోట పోతుంది.

ఇట్లు,
జీవమ్మ

తా.క.: ఫొటోలో కళ్లు మూసుకున్నాను. ఎలాగూ తీసేస్తారు కాబట్టి మళ్లీ రావక్కర్లేదు.

•

నంద్యాల,
3 ఫిబ్రవరి 2025.

గౌరవనీయులైన జీవమ్మ గారికి,

పేరు వద్దనే మనిషిని ఈ రోజుల్లో చూస్తామనుకోలేదు. మీ ఉత్తరం ఆఫీసంతా చదివాం. అయితే మీ వివరాలు ఎక్కింది మామూలు పుస్తకంలో కాదు, బ్లాక్‌చెయిన్‌లో. అది ఒకేసారి వందల కంప్యూటర్లలో ఉండే పుస్తకం. అందులో పడిన అక్షరాన్ని మా ఛైర్మన్ కూడా చెరపలేరు. చాక్లెట్ కొన్నవాళ్లు కవరు మీది గళ్లముద్రను, అంటే క్యూఆర్ కోడ్‌ను, ఫోన్‌తో చూస్తే చాలు, ఆ గింజ ఎవరి తోటదో, అడవి కొట్టకుండా, ఎవరి కష్టమూ దోచకుండా పండిందో లేదో తెలిసిపోతుంది.

చెరపలేం గానీ చేర్చగలం. మీ ఉత్తరాన్ని 'రైతు గొంతు' అనే శీర్షిక కింద చేర్చాం.

భవదీయుడు,
ఫణీంద్ర

తా.క.: కళ్లు మూసుకున్న ఫొటోలో మీరు దండం పెట్టుకుంటున్నట్టున్నారు. కవరు మీద అదే వేస్తున్నాం.

•

ఆళ్లగడ్డ,
11 ఫిబ్రవరి 2025.

ఫణీంద్ర సారుకు,

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే సారూ. ఇంటి గుట్టు మీ చెవిలో చెబితే మీరు చాటింపు వేశారు. మా ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాళ్లు కూడా తప్పు పోతే రాయి వెనక్కి తిప్పి మళ్లీ చెక్కుతారు. మీ పుస్తకం రాయికన్నా మొండిదా?

చేర్చడం కుదురుతుందన్నారు కదా. పోనీ, జీవమ్మ చచ్చిపోయిందని చేర్చండి. నేనేమీ అనుకోను.

ఇట్లు,
జీవమ్మ

తా.క.: ఏ రోగమో మీ ఇష్టం.

•

నంద్యాల,
4 మార్చి 2025.

గౌరవనీయులైన జీవమ్మ గారికి,

చావు మాట చదివి మాకు నిద్ర పట్టలేదు. రైతు మనసు బాగుండటం కూడా మా బాధ్యతే. అందుకే మీకు ధైర్యం చెప్పడానికి నిన్న ఒక మేడంను జీపులో పంపాం. మీరు సంతకు వెళ్లారట, మళ్లీ పంపుతాం.

భవదీయుడు,
ఫణీంద్ర

తా.క.: తోటకు దారి తెలియక బజారులో ఎరువుల అంగడాయన్ను అడిగారట. చాలా మర్యాదస్తుడట. మీ ఫొటో ఉన్న చాక్లెట్ ఒకటి ఆయన చేతిలో పెట్టి వచ్చారు.

•

ఆళ్లగడ్డ,
9 మార్చి 2025.

ఫణీంద్ర సారుకు,

మీ జీపు పోయిన సాయంత్రమే అనంతయ్య గారు తోటకొచ్చారు. కోప్పడలేదు. కవరు తీసి చూపించి, "ఈ పొద్దు చాక్లెట్ మీద ఎక్కినావ్, రేపు పట్టా మీద ఎక్కుతావ్. ఇంక ఈ పక్కకు రావద్దు" అన్నారు.

రుచి రావాలని పులియబెట్టిన గింజలు బుట్టల్లో ఉన్నాయి. మర్నాడు తిరగేయకపోతే పాడవుతాయని చెప్పినా వినలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. బిడ్డల్లేని దాన్ని, మొగుడు పోయినదాన్ని. నాకున్నవి ఆ చెట్లే.

ఇట్లు,
జీవమ్మ

తా.క.: ఈ ఉత్తరం ఎక్కడా ఎక్కించొద్దు.

•

నంద్యాల,
28 ఏప్రిల్ 2025.

జీవమ్మ గారికి,

అనంతయ్య గారు రెండుసార్లు గింజలు తెచ్చారు. నమోదైన రైతు వేలిముద్ర లేనిదే మా యంత్రం మూట తీసుకోదు. ఆయన తన పది వేళ్లూ పెట్టి చూశారు. ఎర్రదీపమే వెలిగింది. ఎవరి వేలు కావాలని అడిగితే మీ పేరు చెప్పాను. మంచే జరుగుతుందనుకున్నాను.

ఫణీంద్ర

తా.క.: మీ ఉత్తరం ఎక్కిపోయింది. ఆఫీసుకొచ్చిన ప్రతి ఉత్తరమూ దానంతటదే ఎక్కుతుంది, ఆపడం నాకు తెలియలేదు. 'రైతు గొంతు' ఇప్పటిదాకా చదివింది నలుగురు. ముగ్గురం ఆఫీసువాళ్లమే. నాలుగో ఫోను ఆళ్లగడ్డది.

•

ఆళ్లగడ్డ,
30 జూన్ 2025.

ఫణీంద్ర సారుకు,

మీరు అనుకున్న మంచి జరిగింది. పదిహేను రోజులకొకసారి అనంతయ్య గారి జీపు మా వాకిట్లోకి వస్తుంది. నన్ను నంద్యాల తీసుకొచ్చి, మూట మీద వేలు పెట్టించి, ఒకరోజు కూలి ఇచ్చి దింపేస్తారు. తోట మళ్లీ నాకిమ్మని అడిగాను. "నాకు నువ్వొద్దు జీవమ్మా, నీ ఏలు చాలు" అన్నారు.

ఆ కూలి కూడా తిండికి అక్కరకొస్తోంది కాబట్టి రెండు నెలలు నోరు మూసుకున్నాను. మొన్న జీపును తోట దగ్గర ఆపితే లోపలికి చూశాను. కోకో కాయ చెట్టు మానుకే కాస్తుంది, దాన్ని కత్తితో కోయాలి సారూ. మెలితిప్పి లాగితే చెట్టు తోలు చీలి, ఆ చోట మళ్లీ పూత రాదు. కూలోళ్లు లాగుతున్నారు. నా చెట్ల మాన్లన్నీ గాయాలు. వాటికి కూడా నేనే వేలిముద్ర వేశాను.

ఇక వేయను. మార్చి తర్వాత వచ్చిన మూటలు నేను పండించినవి కావు. దోపిడీ లేదని మీరు కవరు మీద వేసిన మాట అబద్ధం. కూలి పోతుంది, మీరు మూటలు తీసుకోకపోతే ఆయన చెట్లు కొట్టించినా కొట్టిస్తారు. తెలిసే రాస్తున్నాను. దీన్ని ఎక్కించమని మిమ్మల్ని అడగక్కర్లేదు కదా, దానంతటదే ఎక్కుతుంది. ఇది కూడా ఎవరూ చెరపలేరు. చదివేది అనంతయ్య గారొక్కరే అయినా సరే.

ఇట్లు,
జీవమ్మ

తా.క.: కవరు మీద ఫొటో మార్చాలంటే ఇంటికి రండి. ఈసారి కళ్లు తెరిచే ఉంటాను.