మీ ఫొటోతో నామీద ప్రచారం

ఏవండీ,

మీరు పోయాక వచ్చిన సర్పంచి ఎన్నికల్లో నిలబడి, ఘోరంగా ఓడిపోయాను. అవతలివాళ్ళు మీ ఫొటో పెట్టి వీడియో చేశారు. "జబ్బు మొగుణ్ణి గాలికొదిలేసిన మనిషి ఊరినేం చూస్తుంది?" అని. కొత్తపేట నుంచి తెచ్చిన మైకు ఆటో మన వీధిలోనే ఆ మాట అరిచింది. మీ పాడె మోసినవాళ్ళే దాన్ని ఫోన్లలో పంచుకున్నారు. అబద్ధమని నేను ఇంటింటికీ వెళ్ళి చెప్పిన కొద్దీ, చూడనివాళ్ళు కూడా వెతుక్కుని చూశారు.

నిన్న అత్తయ్యగారు చూశారు. ఆసుపత్రిలో నేను మీకు గంజి పట్టిస్తుంటే మీ తల ఎత్తి పట్టుకున్నది ఆవిడే. అయినా అడిగారు:

"ఏమ్మా, నేను లేనప్పుడు గానీ వాణ్ణి వదిలేసి వెళ్ళేవా?"

"లేదండీ అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ మొహం తిప్పుకున్నారు.

ఒక్కసారి వచ్చి మీ అమ్మకైనా చెప్పండి. నా వల్ల కావడం లేదు.