పెనుకొండలో వలిని చూసి వచ్చిన సంగతి

అగళిలో ఉన్న మా గిరిజక్కకు ధర్మవరం నుంచి తమ్ముడు నాగభూషణ వంగి, ఇంకొంచెం వంగి, నడుము పట్టేసినందువల్ల అక్కడితో ఆగి, నమస్కరించి రాయునది ఏమనగా,

ముందుగా ఈ ఉత్తరం విషయమై నీకూ, ఇంటి పెద్దలకూ, దీన్ని మోసుకొచ్చిన పోస్టుమ్యానుకూ బేషరతుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. నా దస్తూరి కోడి గెలికినట్టు ఉంటుంది, క్షమించు. బి.కాం. చదివినవాడు ఇట్లాంటి సంగతులు రాయకూడదు, క్షమించు. జైలు గురించి ఎంత చక్కగా రాస్తానంటే చదివినవాళ్ళకు ఒకసారి పోయి రావాలనిపిస్తుంది, అందుకు మరీ మరీ క్షమించు. నిజం చెప్పాలంటే వీటిలో ఒక్క క్షమాపణ కూడా మనసులోంచి వచ్చింది కాదు. అసలు సంగతికి రావడానికి ధైర్యం చాలలేదు, అది వచ్చేదాకా ఏదో ఒకటి రాయాలి కదా అని రాస్తున్నాను.

అక్కడ నువ్వు, బావ, పాప, అమ్మానాయన, అవ్వ అందరూ బాగున్నారని తలుస్తాను. నాయన మోకాలు ఎట్లా ఉంది? అవ్వ ఇంకా మాత్రలు కొంగున ముడేసుకుని మింగేశానని చెబుతోందా? ఇక్కడ నేను క్షేమం. ఎండలు అప్పుడే ముదిరాయి. మెస్సులో సాంబారు కూడా ఎండకే కాచినట్టు ఉంటుంది. అయినా నేను క్షేమం. మా ఇద్దరి రూములో వలి చాప చుట్టి గోడకు ఆనించి ఉంది, దానివైపు చూడకుండా పడుకోవడం నేర్చుకున్నాను. కింది ఇంట్లో మగ్గం చప్పుడు ఆగితే చాలు, ఎవరో నాకోసం వచ్చారని లేచి కూచుంటున్నాను. అంతకుమించి ఏమీ లేదు, నేను క్షేమం.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నాయన ఫోను స్పీకరులో పెట్టనిదే ఎవరి మాటా నమ్మడు. నీ ఫోనేమో ఎప్పుడూ పాప చేతిలో ఉంటుంది. ఈ సంగతి ఆ రెంటికీ తగింది కాదు.

నూర్జత్త రోజూ వచ్చి నీ గడపలో కూచుంటోందని, జైల్లో ఉన్న కొడుకు వలిని ఎట్లా కలవాలో నన్ను కనుక్కోమంటోందని చెప్పావు. ఆమె అన్న మాట కూడా చెప్పావు, అది నా చెవిలోంచి పోవడం లేదు. "దొంగతనం చేసినాడంటే నేను సచ్చినా నమ్మను గిరిజా. రంజాను నెలలో ఒక్కపొద్దు ఇడిసిపెట్టి, రోడ్డుమీద నిలబడి బజ్జీలు తిన్నాడంట. వాడే చెప్పినాడంట. అది యాడ పెట్టుకునేది నేను?"

జరిగింది ఊళ్ళో నాలుగు రకాలుగా చెప్పుకుంటూ ఉంటారు. ఇక్కడి లెక్క ఇదీ. మా షావుకారు పట్టుచీరల పెట్టెలు వలి లగేజీ ఆటోలో హిందూపురం పంపాడు. అక్కడ దించి చూస్తే ఒక పెట్టె తక్కువ. సోమందేపల్లిలో ఆటో రోడ్డు పక్కన పెట్టి, అవతలి బండి దగ్గర ఉగ్గాని బజ్జీ తిన్నానని, పెట్టె అప్పుడే పోయి ఉండాలని వలి స్టేషనులో చెప్పాడు. షావుకారు నమ్మలేదు, కేసు పెట్టాడు. వలిని రిమాండు చేసి పెనుకొండ జైలుకు పంపారు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. మా షావుకారు రోజూ గల్లాపెట్టె ముందు కూచుని ఒకటే మాట అంటున్నాడు. "ఒక్కనితో అయ్యే పని కాదబ్బా ఇది. ఇంగొకడు ఉండాడు. వాడు దొరకనీ, ఇద్దర్నీ ఒకే తాడుకు కడ్తా." ఆ మాట అంటూ నావైపు తిరిగి, "ఏం నాగభూషణా?" అంటాడు. "అంతే కదా సార్" అంటూ నేను కంప్యూటరులో బిల్లులు కొడుతూ ఉంటాను.

అక్కా, ఆ ఇంకొకడు నేనే. ఆ రోజు మధ్యాహ్నానికి ఊరికి వచ్చి, ఎట్లా వచ్చావంటే బస్సులో అని చెప్పాను. బస్సెక్కింది హిందూపురంలో. అక్కడిదాకా వలి ఆటోలో, వాడి పక్క సీట్లో కూచుని వచ్చాను. సరుకు బండిలో ఎవరూ ఎక్కకూడదని మా అంగడి రూలు. ఎక్కానని తెలిస్తే ఉద్యోగం పోతుంది. అది పోతే పోనీ, డ్రైవరూ గుమాస్తా కలిసే పెట్టె మాయం చేశారంటే వినడానికి ఎంత అతికినట్టు ఉంటుందో ఆలోచించు. నేనే షావుకారునైతే నేనే నమ్మేవాణ్ణి. వలి మాత్రం నా పేరు ఎక్కడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఈ విషయంలో మేమిద్దరం చక్కటి ఐకమత్యం చూపించాం.

సరే, నూర్జత్త అడిగింది కాబట్టి పోయాను. పెనుకొండలో బస్సు దిగాక జైలుకు దారి అడగడానికి నోరు రాలేదు. ఎందుకని అడుగుతారు కదా. అందుకని కోర్టు ఎక్కడని అడిగాను. కోర్టు దాకా పోయాక మళ్ళీ అదే సమస్య. చివరికి టీ కొట్టాయన నా చేతిలో బట్టల సంచి చూసి, నేను అడక్కుండానే "ములాఖత్తుకా? అట్ల పో" అని చెయ్యి చూపించాడు. నా మొహమ్మీద అంత స్పష్టంగా రాసి ఉందన్నమాట.

గేటు దగ్గర బల్ల వేసుకుని ఒక పెద్దాయన కూచుని ఉన్నాడు. ఆధారు కార్డు ఇచ్చాను. ఎవరికోసమని అడిగితే చెప్పాను. తండ్రి పేరు అడిగితే వలి తండ్రి పేరుకు బదులు నాయన పేరు చెప్పి, మళ్ళీ దిద్దుకున్నాను. కాళ్ళు అప్పటికే బస్టాండు వైపు తిరిగి ఉన్నాయి.

"ఏమవుతాడు నీకు?" అన్నాడు.

స్నేహితుడు అనే మాట పెదాల దాకా వచ్చింది. కానీ మా షావుకారు వెతుకుతున్నది వలి స్నేహితుణ్ణే కదా. చుట్టాలు ఏడవడానికి వస్తారు, వాళ్ళను ఎవరూ అనుమానించరు. ఆ భయంలో, చిన్నప్పటి నుంచీ వాణ్ణి నేను ఏమని పిలుస్తానో అదే నోట్లోంచి జారిపడింది.

"బావ సార్."

"అక్క మొగుడా, సెల్లెలి మొగుడా?"

ఇంత తియ్యటి పిలుపు వెనక ఇంత గొయ్యి ఉంటుందని నాకేం తెలుసు. మనకు చెల్లెలు లేదు. లేని చెల్లెల్ని పుట్టించడం పెద్ద అబద్ధం అవుతుంది కాబట్టి ఉన్నదాన్నే వాడుకున్నాను.

"అక్క మొగుడు సార్."

"అక్క పేరు?"

"గిరిజ."

ఆయన కలం ఆగింది. బాబావలి అని రాసుకున్న చోటు చూశాడు, నా ఆధారులో నాగభూషణ చూశాడు, గిరిజను తలుచుకున్నాడు. గొంతు తగ్గించి, "లవ్ మ్యారేజా?" అన్నాడు. తల ఊపాను. "మీ నాయనకు తెలుసునా?" అన్నాడు.

"ఇంకా తెలీదు సార్."

ఆ బల్ల దగ్గర నేను చెప్పిన నిజం అదొక్కటే. పాపం, మంచాయన. "బయపడాకప్పా, పెద్దోళ్ళు నిదానంగా సర్దుకుంటారు" అని నాకు ధైర్యం చెప్పి లోపలికి పంపాడు. నా వెనక వచ్చిన కుర్రాడు ఫ్రెండు అన్నాడు. ఫ్రెండు అనే రాసుకున్నారు. అంతే, ఏమీ కాలేదు.

కాబట్టి అక్కా, నీకు తెలియకుండానే నీకు రెండో పెళ్ళయింది. అసలు బావకు ఈ ముక్క నువ్వే ఏదైనా మంచి సమయం చూసి చెప్పు. ఈసారి పోయినప్పుడు దిద్దిస్తాను. ఈలోగా నూర్జత్త జైలుకు వస్తే, గేటు దగ్గర "కోడలు రాలేదా" అని ఎవరైనా అడిగినా కంగారు పడొద్దని చెప్పు.

ఇక ఆమె తెలుసుకోవాల్సినవి. ఆధారు అసలుది తేవాలి, జిరాక్సు కూడా ఉంటే మంచిది. రోజూ చూడనివ్వరు, వారంలో ఇన్నిసార్లని లెక్క ఉంది, కాబట్టి బయల్దేరే ముందు నాకు చెబితే ఏ రోజో కనుక్కుంటాను. అగళి నుంచి రెండు బస్సులు మారి వచ్చి గేటు చూసుకుని పోవడం ఈ ఎండలో ఆమెకు కాదు. ఫోను బయటే పెట్టాలి. వండినవి ఏవీ తీసుకోరు. నువ్వు చెప్పావని, వాడు ఒక్కపొద్దు విడవడానికి గంజి డబ్బాలో పోయించుకుని పోయాను, వెనక్కు తెచ్చుకుని బస్టాండులో తాగాను. అయితే ఒక్కపొద్దులు ఉండేవాళ్ళకు తెల్లవారకముందే తిండి పెడతారట, సాయంత్రం విడవడానికి కూడా ఏర్పాటు ఉందట. ఇది ఆమెకు రెండుసార్లు చెప్పు. బట్టలు వెతికి చూసి లోపలికి ఇస్తారు, నేను ఇచ్చినవి అందాయి. లోపల సబ్బూ అవీ కొనుక్కోవడానికి వాడి పేర డబ్బు కట్టొచ్చు, కట్టాను. లోపలి నుంచి వాడు కూడా ఫోను చేయవచ్చు, కానీ ముందు రాసిచ్చిన నెంబర్లకే. వాడు నీ నెంబరు ఇచ్చాడు, నూర్జత్తకు ఫోను లేదు కదా. అందుకని తెలియని నెంబరు వస్తే పాప కట్ చేయకుండా చూడు. మాట్లాడేది కొద్దిసేపే, ఆ కాసేపూ ఏడుస్తూ కూచుంటే అయిపోతుంది. ఉత్తరం రాయించినా అందుతుంది, వాళ్ళు ఒకసారి చదివి ఇస్తారు, అంతే.

వలిని పిలిచారు. ఇనుప జాలీకి అటువైపు వాడు, ఇటువైపు నేను. అటూ ఇటూ మనుషులు అందరూ ఒకేసారి అరుస్తున్నారు కాబట్టి మేమూ అరిచాం. గడ్డం పెరిగి, మెడ సన్నబడి, వాళ్ళ నాయనలాగా కనిపించాడు. నన్ను చూసి నవ్వాడు. "నీ బామ్మర్ది వచ్చినాడంటే, నాకు బామ్మర్ది యాడ పుట్టినాడబ్బా అనుకుంటి" అన్నాడు. నేను తయారు చేసుకుని పోయిన జోకులు ఒక్కటీ గుర్తు రాలేదు. అవతలి గోడ మీద నీడ కదిలితే నాకోసమే వస్తున్నారని తలుపు వైపు చూశాను. ఆ గదిలో భయపడాల్సినవాడు వాడు. భయపడుతున్నవాణ్ణి నేను.

నూర్జత్త అడగమన్నది అడిగాను. అడుగుతూ వాడి కళ్ళలోకి చూడలేక జాలీ తీగలను చూస్తూ అన్నాను. "ఒక్కపొద్దు ఇడిసినావా అని అడగమన్యాది మీయమ్మ."

వలి అటూ ఇటూ ఎవరైనా వింటున్నారా అని చూశాడు.

"ఇడిసినానని చెప్పు" అన్నాడు. "ఈడ మాత్రం ఒక్కటీ ఇడవలేదు, ఉంటాండా. అది గూడా చెప్పు."

తర్వాత జాలీకి దగ్గరగా వచ్చి, "నువ్వు ఇంగ ఈడికి రావాకు. నీ పేరు రాసుకుంటాండారు. మీ షావుకారు మంచోడు గాదు" అన్నాడు. అప్పటికి టైము అయిపోయిందన్నారు. లోపలికి పోతూ రూము బాడుగ ఒక్కడివే ఎట్లా కడుతున్నావని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు తలుపు దాటిపోయాడు.

అక్కడి నుంచి వకీలు దగ్గరికి పోయాను. కోర్టు తరఫున ఉచితంగా ఇచ్చిన వకీలు, చిన్న వయసు, ఓపికగలవాడు. బజ్జీల బండివాడు ఏమీ గుర్తు లేదంటున్నాడట. "ఆటో ఆగినప్పుడు వలి పక్కన ఎవురన్నా ఉండింటే, వచ్చి ఒక మాట చెప్తే, బెయిలుకు బలమప్పా. ఎవురన్నా ఉండారేమో ఇచారించు" అన్నాడు. విచారిస్తాను సార్ అన్నాను. ఆ రోజు నుంచీ చాలా నిష్ఠగా విచారిస్తూ ఉన్నాను, అద్దంలో మాత్రం చూసుకోవడం లేదు.

రేపు పొద్దున పెనుకొండకు పోయి వకీలుతో చెప్పాలనుకుంటున్నాను. అనుకుంటున్నాను అని ఎందుకు రాశానంటే, నన్ను నేను ఎరుగుదును. పెనుకొండ వచ్చేసరికి బస్సులో నిద్ర నటించి హిందూపురం దాకా పోయే రకం. అందుకే ఈ ఉత్తరం ముందు పోస్టు డబ్బాలో వేసి, ఆ తర్వాతే బస్సెక్కుతాను. ఇది నీ చేతికి వచ్చాక నేను వెనక్కు తిరగడానికి ఉండదు. దీని తర్వాత నన్ను కూడా లోపల పెడతారేమో తెలియదు. పెడతారేమోనని రాయడానికే చెమట పడుతోంది. అదే జరిగితే ఎట్లా వచ్చి చూడాలో పైన వివరంగా రాశాను, ఆధారు మరవొద్దు.

వీలైతే కొంచెం ఊరుమిండి పచ్చడి చేసి ఎవరిచేతనైనా పంపు. అమ్మకు నేను బాగా తింటున్నానని చెప్పు. నాయనకు నువ్వే నెమ్మదిగా, ఆయన అన్నం తిన్నాక చెప్పు. బావకు నమస్కారాలు, పాపకు ముద్దులు. అవ్వను నా ఫోటో తల మీద చెయ్యి పెట్టి దీవించమను, అసలు తల ఇక్కడ ఉన్నా దీవెన చేరుతుందిలే.

ఇప్పుడు నూర్జత్తను పిలిచి, పక్కన కూచోబెట్టుకుని, ఈ ముక్క నిదానంగా చదువు.

అత్తా, ఆ రోజు నీ కొడుకు నోట్లో నీళ్ళు కూడా పోసుకోలేదు. తిన్నానని వాడు చెప్పింది నాకోసం. ఆకలేసింది నాకు. ఆటో ఆపమన్నది నేను. పెట్టెల దగ్గరే కూచుంటానన్న నీ కొడుకును, ఒక్కణ్ణే నిలబడి తినబుద్ధి కాదు రా బావా అని చెయ్యి పట్టి దించి, రోడ్డు దాటించుకుపోయింది నేను. వాడు అటు తిరిగి నిలబడ్డాడు. తిన్నది నేను.

నాగభూషణ