రామేశ్వరానికి లీవు

రేణుక నాయనా,

మా అన్న ఇంటి నుంచి రేణుకను పిలుచుకొచ్చేదానికి శ్రీనివాసపురం బస్సుకు పోతా ఉండాను. సంగటి మూతేసి పెట్టినాను, చారు వెచ్చ చేసుకో. డ్యూటీ నుంచి వచ్చి తినేసి అట్లే పడుకోవద్దు. ఆఫీసుకు పోయి రామేశ్వరానికి లీవు రాసిచ్చి రా. ఈసారి కూడా "ఇంగ వచ్చే ఏడు చూద్దాంలే" అంటే నీతో కొట్లాడే ఓపిక నాకు లేదు.

మీ అమ్మకు నువ్వే చెప్పు, గుడికి ఒక పూట చాలు. మిగిలిన దినాలు నేను సముద్రం ఒడ్డున ఊరికే కూర్చోవాల.

మొన్న గనిలో బండ పేలి ఇల్లంతా అదిరినప్పుడు చెప్పులు గూడా లేకుండా మీరు గనిలోకి దిగే షాఫ్టు గేటు దాకా పరిగెత్తినాను. నువ్వు ఇంట్లోనే మంచం మీద నిద్రపోతా ఉండావని గేటు కాడికి పోయినాకగాని గుర్తు రాలేదు. మన లైను ఇండ్లలో వాళ్లంతా నవ్వినారు. నువ్వూ నవ్వినావు. ఇన్నేండ్ల అలవాటప్పా, కాళ్లు నా మాట వినవు.

ఇంగొకటి. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారతాదంట. అప్పుడు నా చెయ్యి పట్టుకో. నువ్వు కింద గనిలో లేవు, పక్కనే ఉండావని నాకు తెలియాల.